ఎవ్రీథింగ్ రివ్యూ: వెతకడానికి వేసుకున్నా అసలు పనికొచ్చేది ఆ లిస్టే

ఫైల్ సేవ్ చేసింది గుర్తుంటుంది, ఎక్కడ చేశామో గుర్తుండదు, డౌన్‌లోడ్స్ చూసి డెస్క్‌టాప్ చూసి డాక్యుమెంట్స్ చూసి చివరికి పంపినవాళ్లనే మళ్లీ పంపమని అడుగుతాం. విండోస్ వాడేవాళ్లు ఈ బాధ పడక్కర్లేదు, ఎవ్రీథింగ్ అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, వాయిడ్‌టూల్స్ పేరుతో డేవిడ్ కార్పెంటర్ అనే డెవలపర్ చేసింది. ఫ్రీ, యాడ్స్ లేవు, అకౌంట్ పెట్టమని అడగదు, సైజు కూడా కొద్ది ఎంబీలే. ఇది తెలిసినవాళ్లు చాలామంది "సూపర్ ఫాస్ట్ సెర్చ్" అని చెప్పి వదిలేస్తారు, అది నిజమే కానీ నాకు నచ్చింది ఆ స్పీడ్ ఒక్కటే కాదు, కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లన్నీ ఒకే లిస్టుగా కళ్లముందు పెడుతుంది చూడండి, అదీ.

తెరవగానే ఏమీ టైప్ చెయ్యకముందే మొత్తం లిస్టు కనిపిస్తుంది. ఒక్కో అక్షరం కొడుతుంటే తగ్గుతూ వస్తుంది. పేరు మొత్తం గుర్తుండక్కర్లేదు, ముక్కలు చాలు, మధ్యలో స్పేస్ ఇచ్చి రెండు ముక్కలు కొడితే రెండూ ఉన్నవే చూపిస్తుంది, ఏది ముందున్నా ఏది వెనకున్నా పర్లేదు. నిలువు గీత పెడితే ఇదో అదో అని, ముందు ఆశ్చర్యార్థకం పెడితే ఇది వద్దు అని అర్థం చేసుకుంటుంది. తెలుగు లిపిలో పేరు పెట్టిన ఫైళ్లు కూడా తెలుగులో కొడితే వస్తాయి. దొరికినదాని మీద ఎంటర్ కొడితే ఫైల్ తెరుచుకుంటుంది, కంట్రోల్ పట్టుకుని ఎంటర్ కొడితే అదున్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఈ రెండోది అలవాటు చేసుకోండి, ఎందుకంటే చాలాసార్లు మనకి కావాల్సింది ఆ ఒక్క ఫైలే కాదు, దాని పక్కనున్నవి కూడా.

ఇంత స్పీడ్ ఎలా అంటే, మామూలు సెర్చ్ ఒక్కో ఫోల్డర్‌లోకీ వెళ్లి చూసుకుంటూ పోతుంది. విండోస్ డ్రైవ్‌లు వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లో మాస్టర్ ఫైల్ టేబుల్ అని ఒకటుంటుంది, డ్రైవ్‌లో ఉన్న ప్రతి ఫైల్ పేరూ అందులో రాసి ఉంటుంది. ఎవ్రీథింగ్ నేరుగా దాన్నే చదువుతుంది, అంటే ఇంటింటికీ తిరిగి పేర్లు అడక్కుండా ఓటర్ల లిస్టు తెచ్చుకున్నట్టు. తర్వాత కొత్త ఫైల్ వచ్చినా పేరు మారినా యూఎస్ఎన్ జర్నల్ అనే చిట్టా చూసి అప్పటికప్పుడు సరిచేసుకుంటుంది. 10 లక్షల ఫైళ్లున్నా మొదటిసారి లిస్టు తయారవడానికి సుమారు ఒక నిమిషం, దాదాపు 75 ఎంబీ ర్యామ్ అని వాయిడ్‌టూల్స్ వాళ్లు ఇచ్చిన లెక్క. బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ తినే ర్యామ్ చూసినవాళ్లకి ఇది అసలు లెక్కలోకే రాదు.

మరి విండోస్‌లో ఉన్న సెర్చ్ సంగతేంటి అంటారా, అది మామూలుగా డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, డెస్క్‌టాప్ లాంటి చోట్లే ఇండెక్స్ చేసి (అంటే ముందే జాబితా రాసి) పెట్టుకుంటుంది, డీ డ్రైవ్‌లో ఏదో మూల ఫోల్డర్‌లో ఉన్నదాన్ని వెతకమంటే ఆ పచ్చగీత పాక్కుంటూ పోవడం చూస్తూ కూర్చోవాలి. స్టార్ట్ మెనూలో కొడితే మధ్యలో ఇంటర్నెట్ రిజల్ట్స్ దూరుతాయి, నా ఫైల్ అడిగితే నాకు వెబ్‌సైట్లు ఎందుకయ్యా. సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్‌డ్ అనే ఆప్షన్ పెడితే మొత్తం కంప్యూటర్ ఇండెక్స్ చేస్తుంది గానీ పాత మెషీన్ల మీద ఆ భారం తెలుస్తుంది. దానికున్న ప్లస్ ఒకటే, ఫైల్ లోపలి మాటలు కూడా వెతుకుతుంది. ఎవ్రీథింగ్ ఆ పని దాదాపు చెయ్యదనే అనుకోండి, కంటెంట్ అనే ఫంక్షన్ ఉంది కానీ 1.4 వెర్షన్‌లో దానికి ఇండెక్స్ లేదు, ఒక్కో ఫైలూ తెరిచి చదవాలి, డ్రైవ్ మొత్తం మీద వాడితే మీకే విసుగొస్తుంది. ముందు ఫోల్డరో ఫైల్ రకమో పెట్టి బాగా తగ్గించాక వాడితే సరే. స్కాన్ చేసి ఫొటోలా ఉన్న పీడీఎఫ్‌లో అక్షరాలు ఇదెలాగూ చదవలేదు.

పేరే గుర్తులేకపోతే ఏంటి, స్కాన్ 0001 అని మెషీన్ పెట్టిన పేరే ఉంటే ఏంటి అని అడుగుతారు. అక్కడే లిస్టు అన్న మాట పనికొస్తుంది. సెర్చ్ మెనూలో ఆడియో, డాక్యుమెంట్, పిక్చర్, వీడియో అని ఫిల్టర్లు ఉంటాయి, డాక్యుమెంట్ పెట్టి డేట్ మోడిఫైడ్ హెడ్డింగ్ మీద క్లిక్ చేస్తే మొత్తం కంప్యూటర్‌లో చివరగా మారిన డాక్యుమెంట్లు వరసగా వస్తాయి. వర్డ్‌లో సేవ్ కొట్టాం, ఎటు పోయిందో తెలీదు, ఇలా చూస్తే పైనే ఉంటుంది. పేరుతో పని లేదు. జిప్ నుంచి తీసిన ఫైళ్లకి మాత్రం పాత తేదీయే ఉండిపోవచ్చు, అలాంటప్పుడు హెడ్డింగ్ మీద రైట్ క్లిక్ చేసి డేట్ క్రియేటెడ్ కూడా తెచ్చుకుని దానితో చూడండి.

సైజు హెడ్డింగ్ మీద క్లిక్ చెయ్యడం ఇంకా బాగుంటుంది. సీ డ్రైవ్ ఎర్రగా మారిందనగానే జనం క్లీనర్ సాఫ్ట్‌వేర్లు వెతుక్కుని వేసుకుంటారు, సగం వాటిల్లో అనవసరపు చెత్త ఉంటుంది, రిజిస్ట్రీ క్లీన్ చేస్తాం అంటూ బెదిరిస్తాయి. ఇక్కడ ఒక్క క్లిక్‌తో పెద్ద ఫైళ్లు పైకొస్తాయి, ఎప్పుడో దించుకుని మర్చిపోయిన వీడియోలు, ఇన్‌స్టాల్ అయిపోయాక కూడా మిగిలిపోయిన సెటప్ ఫైళ్లు, ఫోన్ బ్యాకప్‌లు, మెయిల్ సాఫ్ట్‌వేర్ దాచుకున్న పెద్ద డేటా ఫైళ్లు. చాలామందికి కావాల్సిన ఖాళీ మొదటి స్క్రీన్‌లోనే దొరుకుతుంది.

కానీ ఆ లిస్టులో పైన పేజ్‌ఫైల్ డాట్ సిస్, హైబర్‌ఫిల్ డాట్ సిస్, స్వాప్‌ఫైల్ డాట్ సిస్ అని పెద్ద పెద్దవి కనబడతాయి, ఇవి విండోస్‌వి, వీటి జోలికి పోవద్దు. హైబర్‌ఫిల్ అనేది హైబర్నేట్ (చేస్తున్న పని అలాగే దాచి కంప్యూటర్ ఆపేయడం) కోసం ఉంచిన ఫైల్, మీరు హైబర్నేట్ అసలు వాడకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో ఆఫ్ చేస్తే అదే పోతుంది, నేరుగా డిలీట్ చెయ్యాలని చూడకండి. విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాంట్లో ఉన్నవీ అంతే, అందులో చాలా ఫైళ్లు హార్డ్ లింకులు, ఒకే ఫైల్ రెండు చోట్ల కనబడుతుంది, కలిపి లెక్కేసి ఇంత చెత్త ఉందా అని కంగారు పడక్కర్లేదు. ఈ లిస్టులో డిలీట్ కొడితే నిజంగానే డిలీట్ అవుతుంది, ఇది ఉత్త సెర్చ్ రిజల్ట్ కాదు. రీసైకిల్ బిన్‌లో ఉంటుంది కాబట్టి తీసుకోవచ్చు, షిఫ్ట్ పట్టుకుని కొడితే అదీ లేదు. కొత్తవాళ్లకి ఇన్‌స్టాల్ చేసిస్తుంటే ఆప్షన్స్‌లో ఇండెక్సెస్ కింద ఎక్స్‌క్లూడ్‌లోకి వెళ్లి హిడెన్ ఫైళ్లు, సిస్టమ్ ఫైళ్లు వద్దని టిక్ పెట్టి ఇవ్వండి, సగం భయం పోతుంది.

ఫైళ్లు కాదు, ఏ ఫోల్డర్ ఎంత తింటోంది అని చూడాలంటే మాత్రం విజ్‌ట్రీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ బెటర్. అది కూడా మాస్టర్ ఫైల్ టేబులే చదువుతుంది, పర్సనల్ వాడకానికి ఫ్రీ, ఫోల్డర్లని సైజు వారీగా చక్కగా విడదీసి చూపిస్తుంది. ఎవ్రీథింగ్‌లో కూడా ఫోల్డర్ సైజు ఇండెక్స్ చెయ్యమని ఆప్షన్ ఉంది గానీ ఆ చూపించే పద్ధతి విజ్‌ట్రీదే హాయి. డూప్లికేట్లు వెతకడానికి కూడా ఎవ్రీథింగ్‌ని నేను పెద్దగా నమ్మను, ఒకే పేరు ఉన్నవి చూపిస్తుంది, పేరు ఒకటైనంత మాత్రాన ఫైల్ ఒకటి కాదు కదా.

నాకు నిజంగా తేడాగా అనిపించింది వేరే ఉంది. ఇంట్లో ఒకే కంప్యూటర్‌లో ఇద్దరు ముగ్గురికి వేరే వేరే లాగిన్లు ఉన్నాయనుకోండి, ఎవ్రీథింగ్ సర్వీస్ (తెర వెనక ఎప్పుడూ నడిచే భాగం) నడుస్తుంటే ఒకళ్ల లాగిన్‌లో కూర్చుని ఇంకొకళ్ల ఫైళ్ల పేర్లు కూడా చూడొచ్చు. పర్మిషన్ లేకపోతే తెరవలేరు, కానీ పేర్లే చాలా విషయాలు చెప్పేస్తాయి. ఈ మాట రివ్యూల్లో ఎవరూ గట్టిగా చెప్పరు. పదిమంది వాడే కంప్యూటర్‌లో ఇది వెయ్యకపోవడమే నయం, ఆఫీసు మెషీన్ అయితే ఐటీ వాళ్లని అడిగి వెయ్యండి.

పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఎఫ్ఏటీ32 లేదా ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటాయి, వాటిలో ఈ మాస్టర్ ఫైల్ టేబుల్ ఉండదు, నెట్‌వర్క్ డ్రైవ్‌లదీ అదే పరిస్థితి. ఆప్షన్స్‌లో ఫోల్డర్స్ అనే చోట యాడ్ చేసుకుంటే మామూలు పద్ధతిలో స్కాన్ చేస్తుంది, కాస్త నెమ్మది. కేబుల్‌తో కలిపిన ఫోన్ మాత్రం రాదు, దానికి డ్రైవ్ లెటరే ఉండదు. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లు మూడు నాలుగు ఉన్నవాళ్లకి ఒక మంచి సౌకర్యం ఉంది, టూల్స్ మెనూలో ఫైల్ లిస్ట్ ఎడిటర్‌తో ఒక్కో డిస్క్ లిస్టు సేవ్ చేసి పెట్టుకోవచ్చు, ఆ లిస్టుని ఇండెక్సెస్‌లో కలిపితే డిస్క్ బీరువాలో ఉన్నా ఫలానా ఫైల్ ఏ డిస్క్‌లో ఉందో చెప్పేస్తుంది. పెళ్లి ఫొటోల కోసం డిస్కులన్నీ ఒక్కొక్కటిగా గుచ్చి చూసే పని ఉండదు.

డౌన్‌లోడ్ వాయిడ్‌టూల్స్ సొంత సైట్ నుంచే చెయ్యండి, వేరే డౌన్‌లోడ్ సైట్లు వద్దు. ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు సర్వీస్‌గా పెట్టాలా, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చెయ్యాలా అని అడుగుతుంది, సర్వీస్ అన్నది పెట్టండి, లేదంటే తెరిచినప్పుడల్లా పర్మిషన్ బాక్స్ వస్తుంది. రూపం మాత్రం పాతకాలం నాటిది, 1.4లో డార్క్ మోడ్ లేదు, 1.5 టెస్టింగ్ వెర్షన్లలో పెట్టారు, ట్యాబులు కూడా వచ్చాయి, కానీ టెస్టింగ్ అంటే టెస్టింగే, ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్లో 1.4 వేసి వదిలేస్తే చాలు. ఎప్పుడైనా ఏం కొట్టినా ఏమీ రావట్లేదు అని ఫోన్ చేస్తే ముందు ఫిల్టర్ ఏదైనా పెట్టి వదిలేశారేమో అడగండి, లేదా సెర్చ్ మెనూలో మ్యాచ్ కేస్ (ఇంగ్లిష్ పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడటం), రీజెక్స్ (ప్రత్యేక గుర్తులతో వెతికే పద్ధతి) ఆన్ అయి ఉంటాయి, కంట్రోల్ ఆర్ పొరపాటున తగిలితే రీజెక్స్ ఆన్ అయిపోతుంది. కీబోర్డ్ అలవాటున్నవాళ్లు ఆప్షన్స్‌లో కీబోర్డ్ దగ్గర ఒక హాట్‌కీ పెట్టుకోండి, ఏ పనిలో ఉన్నా అది నొక్కితే విండో వచ్చేస్తుంది, మౌస్ వైపు చెయ్యి పోనక్కర్లేదు.