పాత మోపెడ్‌ను ఇంట్లో విప్పుకోవాలా, షెడ్డుకు అప్పగించాలా? ఏది మేలు?

అనంతపురంలో మా పెరట్లో వేపచెట్టు కింద, గోనెపట్టా కప్పుకుని పందొమ్మిదేళ్లు నిలబడిపోయిన టీవీఎస్ 50 మా నాన్నది. మార్కెట్ యార్డులో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ ఆయన దాని మీదే తిరిగారు. దానికి చేయి పెట్టడానికి మూడేళ్ల ముందు మా మేనమామ లూనాను ఒక షెడ్డులో అప్పగించి బాగుచేయించాను. అలా రెండు దారులూ నడిచి చూశాను కాబట్టి, ఏ పనికి ఏ దారి మంచిదో కొంత చెప్పగలను.

లూనా సంగతి ముందు చెబుతాను. రెండు నెలల తర్వాత బండి పెళ్లికొడుకులా తయారై వచ్చింది. మామయ్య చేత్తో తడిమి తడిమి చూసుకున్నారు. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు రవాణా శాఖ కార్యాలయానికి తీసుకెళ్లినప్పుడు అసలు విషయం బయటపడింది. ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు ఉండాల్సిన చోట తెల్లకాగితం అద్ది పెన్సిల్‌తో రుద్దారు. కాగితం నల్లబడింది తప్ప ఒక్క అంకె కూడా పడలేదు. నంబరు పుట్టీ కింద, దాని మీది రెండు పొరల రంగు కింద కూరుకుపోయింది. ఇంటికొచ్చి థిన్నర్ గుడ్డతో, చెక్క పుల్లతో ఒక పూటంతా గీకితే గానీ అంకెలు కనిపించలేదు. అప్పుడే చూశాను, అసలు కార్బ్యురేటర్ పోయి దాని స్థానంలో మరేదో బండిది కూర్చుని ఉంది. పాతది ఏమైందని అడిగితే, పనికిరాదని పారేశామన్నారు.

ఆ షెడ్డులో ఎవరూ మోసం చేశారని నేను అనను. బండి నడవాలి, మెరవాలి అన్నదే వాళ్లకు తెలిసిన పని. ఆ పని వాళ్లు చేశారు. ఏది పారేయకూడదో చెప్పాల్సినవాణ్ణి నేను, నేను అక్కడ లేను. అందుకే నాన్న బండి దగ్గరికి వచ్చేసరికి ఒక లెక్క పెట్టుకున్నాను. తప్పు జరిగినా మళ్లీ సరిచేసుకోగల పని ఏదైనా ఇంట్లోనే. ఒకసారి కోస్తే తిరిగి రాని పని మాత్రం చేయి తిరిగిన లేతు (లోహాన్ని కోసి చెక్కే యంత్రం) పనివారి దగ్గర. ఇల్లా, షెడ్డా అన్న ప్రశ్న కంటే ఈ విభజన నాకు చాలా ఎక్కువ ఉపయోగపడింది.

ఇంట్లో చేయగలిగిన పనులు అనుకున్నదానికంటే ఎక్కువే. ఇంజన్ పట్టేసి ఉంటే చాలామంది అక్కడే భయపడి ఆటో ట్రాలీని పిలుస్తారు. నేను స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో డీజిల్ పోసి వదిలేశాను. రోజూ ఉదయం పెడల్ మీద మెత్తగా చేయి ఆనించి చూడటమే, బలవంతం చేయకూడదు. నాలుగో రోజున పెడల్ గోరంత కదిలింది. మరో గంటకు పిస్టన్ పూర్తిగా కిందికి దిగి పైకొచ్చింది. ప్లగ్ రంధ్రం నుంచి గోధుమరంగు డీజిల్ చిమ్మి నా చొక్కా మీద పడింది. ఆ మరక ఇప్పటికీ పోలేదు, పోవాలని నాకూ లేదు.

నిప్పురవ్వ రాకపోతే దానికి కరెంటు ఇచ్చే కాయిల్‌ను తప్పుపట్టే ముందు పాయింట్లను, అంటే ఆ కరెంటును కలిపి విడదీసే రెండు చిన్న లోహపు ముక్కలను చూడాలి. ఏళ్ల తరబడి నిలిచిపోయిన బండిలో పాయింట్ల ముఖం మీద బూడిదరంగు పొర పేరుకుంటుంది. సన్న ఉప్పుకాగితంతో రెండుసార్లు రుద్ది, పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి, వాటి మధ్య ఎడాన్ని ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్నని రేకులతో) సుమారు 0.4 మిల్లీమీటర్లకు సరిచేస్తే చాలాసార్లు పని అయిపోతుంది. రాత్రిపూట దీపం ఆర్పి ప్లగ్‌ను సిలిండర్‌కు ఆనించి పెడల్ తిప్పితే నీలిరవ్వ టిక్కుమని దూకుతుంది. మా అమ్మను పిలిచి చూపించాను. ‘మీ నాన్న కూడా ఇలాగే చీకట్లో కూర్చుని చూసేవారు నాయనా’ అంది.

కార్బ్యురేటర్ కూడా ఇంటి పనే. పాత పెట్రోలు ఎండి బంకలా మారి జెట్‌ను, అంటే పెట్రోలును లెక్కగా వదిలే సన్న రంధ్రాన్ని మూసేస్తుంది. పెట్రోలులో నానబెట్టి గాలి ఊదాలి. ఇనుప తీగ మాత్రం అసలు దూర్చకూడదు. జెట్ ఇత్తడిది, వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు లెక్క తప్పుతుంది. ట్యాంకులో తుప్పుకు నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లు ఒక రాత్రి ఉంచి, మర్నాడు వంటసోడా నీళ్లతో కడిగి, ఎండబెట్టి, వెంటనే లోపల నూనె తిప్పాలి. బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు ఆ దుమ్మును నోటితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, తడిగుడ్డతో తుడవాలి. కేబుళ్లు, బేరింగు గ్రీజు, వైరింగు లాంటివి ఓపిక ఉన్న ఎవరైనా చేయగలరు.

మా ప్రాంతపు వాతావరణం ఒక విధంగా వరం, మరొక విధంగా శత్రువు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురుస్తుంది. సముద్రతీరంలో తుప్పు తినేసే రేకు ఇక్కడ నిలుస్తుంది. కానీ ఈ ఎండకు రబ్బరు బతకదు. టైర్లు పగిలితే కంటికి కనిపిస్తాయి. పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు క్రాంక్. దానికి రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్లు గట్టిపడితే కనిపించవు. ఈ బండిలాంటి టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలు, గాలి ముందు క్రాంక్ గదిలోకి వెళ్లి అక్కడి నుంచి సిలిండర్‌లోకి ఎక్కుతాయి. సీలు పక్కనుంచి అదనపు గాలి లోపలికి పీల్చుకుంటే మిశ్రమం పలచబడి, ఇంజన్ వేడెక్కి, పిస్టన్ మళ్లీ పట్టేస్తుంది. కాబట్టి బండి ఎంత బాగా నడుస్తున్నా ఆ సీళ్లు మార్చి తీరాలి.

ఇక్కడే నేను ఇంటి పని ఆపేశాను. సీళ్ల కోసం మాగ్నెటోను, అంటే క్రాంక్ కొన మీద తిరుగుతూ కరెంటు పుట్టించే అయస్కాంతపు చక్రాన్ని ఊడదీయాలంటే దానికి సరిపోయే పుల్లర్ (లాగి తీసే పనిముట్టు) ఉండాలి. సుత్తితో కొడితే మాగ్నెటో పగలవచ్చు, క్రాంక్ కొన వంగవచ్చు. బేరింగులు ప్రెస్ మీద దించాలి. సిలిండర్ గీతలు పడి ఉంటే బోరు చేయించాలి, అంటే లోపలి గోడను నున్నగా కోయించి కొంచెం పెద్దది చేయించాలి. ఇంజన్‌ను గోనెసంచిలో చుట్టి టవర్ క్లాక్ వైపు ఉన్న ఒక లేతు దుకాణానికి తీసుకెళితే, అక్కడి పెద్దాయన సిలిండర్‌లో వేలు తిప్పి చూసి, ‘పిస్టన్ ఏది నాయనా? ముందు పిస్టన్ తెచ్చుకో. దాన్ని కొలిచే బోరు చేయాలి, బోరు చేసి పిస్టన్ వెతకకూడదు’ అన్నారు. ఓవర్‌సైజు పిస్టన్లు పావు మిల్లీమీటరు చొప్పున పెద్దవవుతూ ఉంటాయి. పాత బండ్లకు అన్ని కొలతలూ దొరకవు. దొరికిన కొలతకే కోయాలి. నేను బెంగళూరు జేసీ రోడ్డులో రెండు పూటలు తిరిగి అర మిల్లీమీటరుది సంపాదించాను.

ఇక రంగు. నా మాట చాలామందికి నచ్చదు, అయినా చెబుతాను. పాత రంగు అరవై శాతం నిలిచి ఉన్నా దాన్ని గీకించకండి. బోరు లాగే అది కూడా ఒకసారి పోతే తిరిగి రాదు. నాన్న బండి వెనుక క్యారియర్ కడ్డీల మీద శనక్కాయ మూటల మోకు రాసుకుని రాసుకుని రంగు పోయి, ఆ చోట ఇనుము వేలికి నున్నగా తగులుతుంది. ఎడమ కడ్డీ మీదే ఎక్కువ, ఆయన ముడి అటువైపు వేసేవారు. ఆ గుర్తు ఏ పెయింటరూ వేయలేడు. తుప్పు ఉన్నచోట మాత్రం సన్నగా రుద్ది, పారదర్శకమైన లాకర్ పూశాను. కింది భాగంలో రేకు చిల్లులు పడితే అది వేరే మాట, అప్పుడు వెల్డింగు, రంగు తప్పవు.

ఇంకా బండి కొనని వారు లూనా మంచిదా, టీవీఎస్ మంచిదా అని అడుగుతుంటారు. లూనా 1972 నాటిది, టీవీఎస్ 50 వచ్చింది 1980లో. అందం, తేలిక చూస్తే నాకు లూనాయే ఇష్టం. కానీ దాని తయారీ ఆగి రెండు దశాబ్దాలు దాటింది. 2024లో వచ్చిన ఇ-లూనా విద్యుత్ బండి, దాని విడిభాగాలు పాతదానికి పనికిరావు. టీవీఎస్ మోపెడ్ల వరుస నేటికీ సాగుతోంది కాబట్టి కేబుళ్లలాంటి చిన్న సామానుకు ఇబ్బంది తక్కువ. మొదటిసారి చేయి పెట్టేవారికి టీవీఎస్ మేలు.

కాగితాలు చూడకుండా ఏ బండీ కొనకండి. సొంత వాహనం రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ (పాతకాలపు వాహనం) హోదాకు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు నిండాలి, కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. అంటే తొలినాటి టీవీఎస్ 50కి కూడా 2030 వరకు ఆ అర్హత రాదు.

ఖర్చు చూస్తే లూనాకు షెడ్డులో 21 వేలు అయింది. నాన్న బండికి లేతు పనితో కలిపి 9,400, కానీ ఐదు నెలల ఆదివారాలు పట్టాయి. ఆ ఆదివారాలు లేనివారు షెడ్డుకే ఇవ్వండి. ఇచ్చేముందు ప్రతి భాగాన్నీ ఫోటో తీసుకుని, ఛాసిస్ నంబరు మీద టేపు అంటించి, తీసిన ప్రతి పాత సామానూ సంచిలో వేసి తిరిగి ఇవ్వాలని మాట తీసుకోండి.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. అందుకని పెట్రోలు గొట్టం కొత్తది వేసి, బండి వారానికి మించి ఆగేటప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తున్నాను. కొత్త పిస్టన్ సర్దుకునేదాకా లీటరుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ నూనె) కలుపుతున్నాను, బరువు వేయడం లేదు. మొదటి 500 కిలోమీటర్లలో 310 అయ్యాయి. మిగిలిన 190 నిండాక ఇంజన్ చల్లారినప్పుడు హెడ్ నట్లు మరోసారి బిగించి, ప్లగ్ రంగు చూసి, ఆయిల్ పాళ్లు తగ్గించాలి.