ఏడేళ్లుగా ఒకే ఇనుప పాన్‌లో అప్‌సైడ్ డౌన్ కేక్

పది అంగుళాల క్యాస్ట్ ఐరన్ పాన్ కొని ఏడేళ్లయింది. టెంక పండ్ల సీజన్ మొదలైతే దానికి తీరికుండదు. ముందు చెర్రీలు, తర్వాత ఆప్రికాట్లు, పీచ్‌లు, చివర్లో ప్లమ్‌లు. ఏటా పదో పన్నెండో అప్‌సైడ్ డౌన్ కేకులు, అంటే అడుగున పండు పేర్చి, కాలాక బోర్లించేవి, ఇందులోనే చేస్తున్నాను.

దీన్ని వదలకపోవడానికి అసలు కారణం, కారమెల్ కాచిన పాన్‌లోనే కేక్ కూడా కాలడం. 60 గ్రాముల వెన్న, 100 గ్రాముల బ్రౌన్ షుగర్ సన్న సెగన కరిగించి, బుడగలు రాగానే దించి, పండు ముక్కలు పేర్చి, పైన పిండి పోసి అలాగే ఓవెన్‌లో పెట్టేస్తాను. ఇనుము నిదానంగా వేడెక్కుతుంది, ఎక్కిన వేడిని అంత తొందరగా వదలదు. పిండి పోసేసరికి అడుగు వేడిగానే ఉంటుంది కాబట్టి పండుకు ఆనిన చోట కేక్ పచ్చిగా, జిగురుగా మిగలదు. అంతకుముందు పల్చటి టిన్‌లో చేసినన్నాళ్లూ నన్ను ఏడిపించింది ఆ జిగురు పొరే. అడుగు విడిపోయే టిన్ కూడా ఒకసారి వాడి చూశాను. కారమెల్ సందుల్లోంచి కారి ఓవెన్ అడుగున మాడింది. మళ్లీ దాని జోలికి పోలేదు.

అయితే మరీ మగ్గిన పీచ్ వేస్తే ఏ పాన్ అయినా ఏమీ చేయలేదు, నీరంతా వదిలేస్తుంది. వేలితో నొక్కితే కొంచెమే లొంగే పండు తీసుకోండి. టెంక సులువుగా ఊడే రకమైతే చుట్టూ కోసి రెండు సగాలనూ మెలితిప్పితే చాలు. కండ టెంకకు పట్టుకునే రకమైతే కత్తితో చెక్కుకోవాలి. కోసిన వైపు కారమెల్‌కు ఆనేలా పెడతాను. ఆప్రికాట్ పచ్చిగా తిన్నప్పుడు తియ్యగా ఉన్నా కాలాక పుల్లబడుతుంది, దానికి మాత్రం చక్కెర ఇంకో 20 గ్రాములు వేస్తాను.

నాకు అన్నిటికంటే ఇష్టం ప్లమ్. దాని తొక్కలోని పులుపు ఉంటే కారమెల్ తీపి వెగటు పుట్టదు. పైగా ఆ ఎర్రటి రంగు! మొదటి ఏడాది మాత్రం రసం తగిలిన చోటల్లా కేక్ నీలం, బూడిద రంగు కలిసినట్టు తిరిగితే, చెడిపోయిందనుకొని మొత్తం పారేశాను. తప్పు బేకింగ్ సోడాది. ప్లమ్, చెర్రీల ఎరుపు పులుపులోనే నిలుస్తుంది, క్షారం తగిలితే నీలంగా మారుతుంది. అప్పటినుంచి 190 గ్రాముల మైదాకు సోడా పావు టీస్పూన్ దాటనివ్వను. ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, 120 మిల్లీలీటర్ల పుల్ల మజ్జిగ, 115 గ్రాముల వెన్న, 150 గ్రాముల చక్కెర, రెండు గుడ్లు. 175 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు. పుల్ల గుచ్చి చూసేటప్పుడు పండు దాకా దించకండి, అక్కడ ఎప్పుడూ తడే.

ఇక పాన్‌తో నాకున్న పెద్ద ఇబ్బంది బరువు. ఖాళీగానే రెండు కిలోల పైమాట, కేక్‌తో కలిపి మూడు దాటుతుంది. దాన్ని వేడిగా ఉండగానే బోర్లించాలి. పది నిమిషాలు ఆగితే సరిగ్గా ఊడుతుంది. ముందే తిప్పితే విరుగుతుంది, మరీ చల్లారితే కారమెల్ గట్టిపడి పట్టేస్తుంది. రెండో ఏడాది చెయ్యి వణికి కారమెల్ మణికట్టు మీద పడింది, ఆ మచ్చ ఇంకా ఉంది. ఇప్పుడు మోచేతుల దాకా వచ్చే గ్లౌజులు లేకుండా ముట్టుకోను. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు ఈ పాన్ వద్దనే చెబుతాను, అడుగు విడిపోని మందపాటి అల్యూమినియం టిన్ నయం. తిప్పాక ఒకటి రెండు ముక్కలు పాన్‌కే ఉండిపోతే టెన్షన్ పడకండి. వేడి మీదే కత్తితో తీసి వాటి చోట అద్దితే అతుక్కుపోతాయి.

కేక్‌ను రాత్రంతా పాన్‌లోనే ఉంచడం కూడా కుదరదు. పండ్ల పులుపు నూనె పూతను తినేసి కేక్‌కు ఇనుము రుచి పట్టిస్తుంది. బోర్లించిన వెంటనే వేడినీళ్లతో కడిగి, పొయ్యి మీద తడి ఆర్చి, పల్చగా నూనె రాయాలి. ఐదు నిమిషాల పని.

మళ్లీ కొనాల్సి వస్తే ఇలాంటిదే కొంటాను, కాకపోతే పిడికి ఎదురుగా రెండో చేత్తో పట్టుకోవడానికి చిన్న చెవి ఉన్నది. నా దానికి అది లేదు.