తిరుపతిలో ఇంటింటికీ తిరిగి అమ్ముతున్న ‘వాసన మందు’తో జాగ్రత్త

బైరాగిపట్టెడ, కొర్లగుంట వైపు ఉండేవాళ్లు ఇది చదవండి. నీలం డబ్బాలతో ఇద్దరు ఇంటింటికీ వస్తున్నారు. బాత్రూములో, వంటింటి తూములో ఒక మూత పోస్తే ఆరు నెలలు కంపు రాదంటారు. మాకు లీటరు డబ్బా 650 రూపాయలకు అంటగట్టారు. వారం తిరక్కముందే అదే మురుగు కంపు, దానికి తోడు మల్లెపూల సెంటు!

వాళ్లు చూపించే పద్ధతిలోనే కిటుకు ఉంది. గదంతా ఘాటుగా చల్లి, కాసేపు మాటల్లో పెట్టి, “ఇప్పుడు వాసన ఉందా అమ్మా?” అని అడుగుతారు. ఉన్నా మనకు తెలియదు. ఒకే వాసన కాసేపు తగిలితే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు గడపలోనే తెలిసే కంపు ఇంట్లోవాళ్లకు తెలియకపోవడం అందుకే. కాసేపు బయట నిలబడి, మళ్లీ లోపలికి వచ్చి చూడండి.

డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, గరిష్ఠ చిల్లర ధర ఏవీ లేవు. ప్యాక్ చేసిన సరుకు మీద ఇవన్నీ ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. బిల్లు అడిగితే, “కొండ కింద ఊళ్లో మోసం చేస్తామా అమ్మా” అని నవ్వారు. వాపసు ఇద్దామంటే ఫోను ఎత్తడం లేదు.

డబ్బు పోతే పోయింది, వాళ్లిచ్చిన సలహా మాత్రం ప్రమాదకరం. మరకలు కూడా పోవాలంటే టాయిలెట్ ఆసిడ్‌తో కలిపి పోయమన్నారు. ఆ ద్రవంలో బ్లీచింగ్ ఘాటు స్పష్టంగా ఉంది. బ్లీచ్, ఆసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్రూములో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. దయచేసి కలపకండి.

ఇంతకీ మా ఇంట్లో కంపు ఎక్కడిదంటే, దర్శనానికి చుట్టాలు వచ్చినప్పుడే వాడే మేడమీది బాత్రూముది. నేలమీది జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లో, అంటే నీళ్లు నిలిచే గిన్నెలాంటి భాగంలో, సుమారు 5 సెంటీమీటర్ల నీళ్లు నిలిచి ఉండాలి. డ్రైనేజీ గాలిని లోపలికి రాకుండా ఆపేది ఆ నీళ్లే. ఎండలకు అవి ఆరిపోయాయని ప్లంబరు చూపించి, బకెట్ నీళ్లు పోశాడు. కంపు పోయింది. నీళ్లు త్వరగా ఆరకుండా పైన కాస్త వంటనూనె వేయమన్నాడు.

ఇప్పటికే కొన్నవాళ్లు డబ్బా పారేయకండి. ఫొటోలు తీసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.