జార్జియన్ మేనర్ ఫ్లాట్లు: ముందు కార్నీస్ చూడండి

ఇంగ్లండ్‌లో 1714–1830 మధ్య, అంటే జార్జియన్ కాలంలో కట్టిన మేనర్ ఇళ్లను (పాత జమీందారీ బంగళాలను) ఫ్లాట్లుగా మార్చి అమ్మేటప్పుడు ప్రకటనలో ముఖభాగాన్నే చూపిస్తారు. నడిమధ్య తలుపు, దానికి అటూ ఇటూ సరిసమానంగా కిటికీలు. ఆ అందంలో వంక పెట్టడానికేం లేదు. కానీ కొనేవాళ్ల చేతికొచ్చేది లోపలి ముక్క ఒకటే. దాన్ని ఎలా కోశారన్నదాని మీదే ఫ్లాట్ మంచిచెడ్డలు ఆధారపడతాయి.

గోడ, సీలింగ్ కలిసేచోట ఉండే అలంకార పట్టీ, అంటే కార్నీస్, ఈ సంగతి చెప్పేస్తుంది. నాలుగు గోడల మీదా ఒకే అచ్చుతో తిరిగొస్తే గది చాలావరకు పాత కొలతల్లోనే ఉన్నట్టు. మూడు గోడల మీద సాగి నాలుగోదాని దగ్గర టక్కున తెగిపోతే, పెద్ద డ్రాయింగ్ రూమ్‌కు అడ్డుగోడ కట్టి రెండు చేశారు. అలాంటి గదిలో ఎత్తు మరీ ఎక్కువగా కనిపిస్తుంది, కిటికీ ఓ మూలకు పడుతుంది. అడ్డుగోడ వచ్చి కిటికీ మధ్యలోనే తగిలితే ఆ ఫ్లాట్ ఎంత చవకైనా మా ఓటు పడదు. పని తెలిసినవాళ్లు పెద్ద గది జోలికి పోరు. వంటిల్లు, స్నానాల గది వెనకవైపు చిన్న గదుల్లో సర్దుతారు.

తర్వాతది శబ్దం. అంతస్తుల మధ్య ఉన్నది చెక్క దూలాలు, పలకలే. ఇలాంటి మార్పిళ్లలో గాలిలో వచ్చే శబ్దాన్ని నేల కనీసం 43 డెసిబెల్స్ ఆపాలని ఇంగ్లండ్ నిర్మాణ నిబంధనల మార్గదర్శి చెబుతుంది. చారిత్రక కట్టడాలకు సడలింపు ఉంటుంది కాబట్టి శబ్ద పరీక్ష ఫలితం చేతికిచ్చాకే నమ్మాలి.

సాష్ కిటికీలు (పైకీ కిందికీ జరిపి తెరిచేవి) పైకి లేవకపోతే కంగారు అక్కర్లేదు. రంగు పూతలు అతుక్కుపోయి ఉంటాయి, లేదా కిటికీ చట్రం గూట్లో వేలాడే బరువును మోసే తాడు తెగి ఉంటుంది. రెండూ బాగుచేయించుకోవచ్చు. లిస్టెడ్ భవనమైతే (చారిత్రక విలువ ఉందని ప్రభుత్వ జాబితాకెక్కినదైతే) మాత్రం అనుమతి లేకుండా కిటికీలు మార్చడం నేరం. లోపలివైపు రెండో అద్దం బిగిస్తే చలి తగ్గుతుంది. 100 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే వీధి రొద కూడా బాగా తగ్గుతుంది.

అసలు ఖర్చు పైన దాగుంటుంది. పారాపెట్ (పైకప్పు అంచున ఉండే పిట్టగోడ) వెనక సీసపు రేకుల కాలువ ఆకులతో పూడితే నీళ్లు బయటికి పొర్లవు, లోపలి దూలాల్లోకి దిగుతాయి. సీసపు రేకును మరీ పొడవుగా పరిచినా ఎండకు సాగి, చలికి ముడుచుకుని చీలుతుంది. సాధారణంగా లీజు (ఫ్లాట్ కొన్నవాళ్లకు ఉండే దీర్ఘకాల ఒప్పందం) ప్రకారం పైకప్పు ఖర్చు కింది ఫ్లాట్లవాళ్లూ పంచుకోవాలి. ఒక్కో ఫ్లాట్ వాటా 250 పౌండ్లు దాటే మరమ్మతులకు ముందుగా ఫ్లాట్లవాళ్లకు నోటీసు ఇచ్చి సంప్రదింపులు జరపాలని చట్టం ఉంది. ఆ నోటీసులు ఏవైనా పెండింగ్‌లో ఉన్నాయేమో, రిజర్వు నిధి (మరమ్మతులకని పక్కన పెట్టిన సొమ్ము) ఎంతుందో సంతకానికి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.