చిన్న ఆఫీసుకు ఈఆర్605 రౌటరు: ఆరు నెలలు వాడాక

విజయనగరంలో మూడు లాంతర్ల జంక్షనుకు దగ్గరలో, ఒక పాత మేడలో మా పన్నుల సలహా కార్యాలయం నడుస్తోంది. ఎనిమిది కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా ఉండే సర్వరు ఒకటి. జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1 గడువైన 11, జీఎస్టీఆర్-3బీ గడువైన 20 తేదీలలో మా గదులు సిరిమానోత్సవం నాటి వీధిలాగే ఉంటాయి. అలాంటి ఒక 20వ తేదీ సాయంత్రం, స్తంభాల మీద వేలాడే ఫైబరు తీగ లారీకి తగులుకుని తెగిపోగా, సెల్‌ఫోన్ల హాట్‌స్పాట్‌తో అర్ధరాత్రి దాకా కూర్చుని పని ముగించాం. కొత్త రౌటరు ఆలోచన అప్పుడే పుట్టింది.

దుకాణంలో మొదట చూపించినది నాలుగు యాంటెన్నాల వైఫై రౌటరు. పెట్టె మీద ఏసీ1200 అని పెద్ద అక్షరాలున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులోని 300 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) వేగాన్నీ, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులోని 867నూ కలిపి గుండ్రంగా వేసిన అంకె అది. ఏ ఒక్క కంప్యూటరుకూ అంత వేగం అందదు. పైగా దాని పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి కాగా మేము డబ్బు కడుతున్నది 200 ఎంబీపీఎస్ ప్లానుకు. మా గోడలు మూరెడు మందం ఉన్న సున్నపు గోడలు కాబట్టి 5 గిగాహెర్ట్జ్ సంకేతం ఒక్క గది దాటేసరికే నీరసిస్తుంది. ఆఫీసుకు కావలసినది తీగ మీద నిలకడగా నడుస్తూ, ఒక లైను పోతే రెండో లైనుకు తనంతట తానే మారే రౌటరు అని తేల్చుకుని, టీపీ-లింక్ ఈఆర్605 తీసుకున్నాం.

ఇందులో ఐదు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు ఉన్నాయి, వాటిలో ఒకటికి మించి ఇంటర్నెట్ లైన్లను కలుపుకోవచ్చు. రెండో లైనుగా వేరొక కంపెనీ 4జీ రౌటరును పెట్టాం, ఎందుకంటే రెండు ఫైబర్లూ ఒకే స్తంభం మీదుగా వస్తే తెగేటప్పుడు రెండూ తెగుతాయి. ఈఆర్605 చిరునామా మొదట 192.168.0.1గా వస్తుంది; రెండో పెట్టెది కూడా అదే వరుస అయితే రెండిటికీ పొత్తు కుదరదు కనుక లోపలి చిరునామాను 192.168.10.1గా మార్చాం.

పొరపాటు మాదీ ఒకటి ఉంది. ఉన్న రెండు లైన్లనూ వాడుకుందామన్న ఆశతో లోడ్ బ్యాలెన్సింగ్ (పనిని రెండు లైన్లకూ పంచే పద్ధతి) పెట్టగా, మధ్యలో బయటికి కనబడే మా ఐపీ చిరునామా మారిపోయి బ్యాంకు సైటు మమ్మల్ని పదేపదే బయటకు పంపేసింది. దాన్ని తీసేసి లింక్ బ్యాకప్‌కు (మొదటి లైను పోతేనే రెండోది అందుకునే పద్ధతి) మార్చాక ఆ బాధ తీరింది. ఒక ఆదివారం కావాలనే ఫైబరు తీగ పీకి చూశాను. బ్రౌజరు కొద్దిసేపు తడబడి మళ్ళీ అందుకుంది. లోపలి నెట్‌వర్కు మీద నడిచే టాలీకి ఆ సంగతే తెలియలేదు.

దీనిలో వైఫై లేదు. పాత వైఫై రౌటరులో డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపి, దాని ల్యాన్ (లోపలి నెట్‌వర్కు) పోర్టుకే తీగ కలిపి వాడుకుంటున్నాం. వచ్చిపోయే క్లయింట్ల ఫోన్లు సర్వరు జోలికి రాకుండా ఈఆర్605లో ఆ రౌటరు కలిసిన పోర్టును వేరే వీల్యాన్‌లో (ఒకే పెట్టెలో విడగొట్టిన వేరు నెట్‌వర్కు) పెట్టాం, కానీ విడగొట్టినంత మాత్రాన దారి మూసుకోదు, యాక్సెస్ కంట్రోల్ (ఎవరు ఎక్కడికి వెళ్ళవచ్చో చెప్పే సెట్టింగు)లో విడిగా నిషేధించాలి. ఈ సెట్టింగులు తెలియనివారు తెలిసినవారిని ఒక పూట కూర్చోబెట్టుకోవడం మేలు. ఎనిమిది కంప్యూటర్లకు గిగాబిట్ స్విచ్చి (నెట్‌వర్కు తీగలను కలిపే పెట్టె) ఎలాగూ వేరే కొనాలి. ఇద్దరు ముగ్గురు ల్యాప్‌టాపులతో పనిచేసే చోట ఇంత హంగు అనవసరం, మంచి వైఫై రౌటరు చాలు.

కరెంటు పోతే రెండు లైన్లున్నా ఒకటే కనుక రౌటరు, ఫైబరు పెట్టె, 4జీ పెట్టె, స్విచ్చి అన్నిటికీ బ్యాటరీ ఉండాలి. ఇలాంటి పెట్టెలకు పనికొచ్చే చిన్న బ్యాటరీ అయిన మినీ యూపీఎస్ కొనేటప్పుడు అడాప్టరు మీద ముద్రించిన వోల్టులు రాసుకుని వెళ్ళండి. మేము తొలిసారి అంచనాతో తెచ్చినది సరిపోక మర్నాడే దుకాణానికి తిరిగి వెళ్ళవలసి వచ్చింది.