లడ్లోనా, స్టామ్‌ఫర్డా? ఒక్క రోజే ఉంటే ఏ ఊరు మేలు?

"లండన్ అయిపోయింది, ఇంకో రోజు ఉంది, ఏదైనా పాత ఇంగ్లిష్ ఊరు చూపించు" అని ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు అడగని ఏడాది లేదు. అందమైన పల్లెలకు పేరుపడ్డ కోట్స్‌వోల్డ్స్ ప్రాంతం పేరు వాళ్లే ఎత్తుతారు. టూరిస్టు బస్సుల మధ్య నిలబడి ఐస్‌క్రీమ్ తినడానికి అంత దూరం ఎందుకని నా అభిప్రాయం. పోట్లాటకు రాకండి. నేను చెప్పేవి రెండు ఊళ్లు. ఒకటి వేల్స్ సరిహద్దు దగ్గర ష్రాప్‌షైర్‌లో ఉన్న లడ్లో. ఇంకోటి లింకన్‌షైర్ దక్షిణపు కొసన, వెలాండ్ నది ఒడ్డున ఉన్న స్టామ్‌ఫర్డ్. రెండూ మార్కెట్ టౌన్లే, రెండూ అందమైనవే. ఒక్కటే చూడగలిగితే ఏది?

మార్కెట్ టౌన్ అంటే సంత జరిగే ఊరేగా అనిపిస్తుంది. అంతే, కానీ ఒక మెలిక ఉంది. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో సంత పెట్టుకోవడం ఒక హక్కు, అది రాజుగారు ఇవ్వాలి. భూస్వామి రాజుకు డబ్బు కట్టి చార్టర్, అంటే అనుమతి పత్రం, తెచ్చుకునేవాడు. ఊరికి వీధులు గీయించి, స్థలాలు అద్దెకిచ్చి, అమ్మకాల మీద సుంకం వసూలు చేసుకునేవాడు. ఒకరకంగా అది ఆనాటి రియల్ ఎస్టేట్ వెంచర్. పక్క ఊరివాడు మరీ దగ్గర్లో ఇంకో సంత పెడితే కేసు. 13వ శతాబ్దపు న్యాయవేత్త బ్రాక్టన్ దానికి లెక్క కూడా కట్టాడు. మనిషి రోజుకు 20 మైళ్లు నడుస్తాడు. అందులో మూడో వంతు సంతకు వెళ్లడానికి, మూడో వంతు సరుకు అమ్ముకోవడానికి, మూడో వంతు చీకటి పడకముందే ఇల్లు చేరడానికి. అందుకే రెండు సంతల మధ్య కనీసం ఆరు మైళ్లా ముప్పావుకి కాస్త తక్కువ దూరం ఉండాలన్నాడు. ఇంగ్లండ్ మ్యాపులో చిన్న ఊళ్లు అంత పద్ధతిగా పరుచుకుని కనిపించడం వెనుక కాలినడక లెక్క ఉందన్నమాట.

సంతలో తగాదాలు తీర్చడానికి వేరే కోర్టు ఉండేది. దాని పేరు పైపౌడర్ కోర్టు, అంటే దుమ్ముకాళ్ల కోర్టు. వ్యాపారి మర్నాడు ఇంకో ఊరికి పోతాడు కాబట్టి, అతని కాళ్ల దుమ్ము రాలకముందే తీర్పు చెప్పేయాలి. ఇప్పటి వాయిదాలు చూసినవాళ్లకు అసూయ పుట్టాల్సిందే.

లడ్లోలో ఈ పాఠమంతా నేల మీదే రాసి ఉంటుంది. 11వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్లలో లేసీ అనే కుటుంబం టీమ్ నది పైనున్న గుట్ట మీద కోట కట్టడం మొదలుపెట్టింది. తర్వాత కోట గుమ్మం ముందు నుంచి గుట్ట వెన్ను మీదుగా వెడల్పాటి సంత వీధి వేశారు. ఇప్పుడు అక్కడికి వెళ్తే ముందు కోట ఎదురుగా విశాలమైన చౌక్ కనిపిస్తుంది, ఆ తర్వాత వీధి ఉన్నట్టుండి ఇరుకైన మూడు నాలుగు సందులుగా చీలిపోతుంది. మొదట చూసినప్పుడు నాకు ప్లానింగ్ తప్పేమో అనిపించింది. అసలు సంగతి ఆక్రమణ! సంతరోజు వేసుకున్న బల్లలు సాయంత్రం తీయడం మానేశారు. బల్ల మీదకు కప్పు వచ్చింది, కప్పు కింద గోడ వచ్చింది, గోడ మీద మేడ లేచింది. వందల ఏళ్లయ్యాక అవే దుకాణాల వరసలు. మన బజార్లలో ఫుట్‌పాత్ ఏమైందో చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

మిగిలిన ఆ చౌక్‌లోనే ఇప్పటికీ సంత. సోమ, బుధ, శుక్ర, శని వారాల్లో కూరగాయలు, చీజ్, రొట్టెలు, మొక్కలు, పాత సామాన్లు అమ్ముతారు. అక్కడికి ఒక నడక దూరంలో సెయింట్ లారెన్స్ చర్చి ఉంది. దాని గోపురం దాదాపు 48 మీటర్ల ఎత్తు, మైళ్ల దూరం నుంచి కనిపిస్తుంది. లోపల పాటగాళ్లు కూర్చునే చెక్క పీటల అడుగున చిన్న చిన్న బొమ్మలు చెక్కారు. ఒకదాంట్లో కొలత మోసం చేసిన బీరు అమ్మే ఆమెను, చేతిలో ఆ దొంగ కొలపాత్రతో సహా, దయ్యం భుజాన వేసుకుని నరకానికి మోసుకుపోతుంటుంది. సంత ఊరి చర్చిలో అన్నిటికన్నా పెద్ద పాపం ఏదో ఆ వడ్రంగికి బాగా తెలుసు. లడ్లోలో ఒక్కటే చూసే టైముంటే కోట వదిలేసి ఆ పీట చూడమంటాను.

అలాగని కోట తక్కువదేం కాదు. వేల్స్‌నూ సరిహద్దు జిల్లాలనూ పాలించిన కౌన్సిల్ ఇక్కడే ఉండేది. ఏడో హెన్రీ పెద్ద కొడుకు ఆర్థర్, స్పెయిన్ రాకుమారి కేథరిన్‌ను పెళ్లాడి ఇక్కడికి వచ్చి, 1502లో పదిహేనేళ్లకే చనిపోయాడు. ఆ కేథరిన్‌నే తర్వాత తమ్ముడు ఎనిమిదో హెన్రీ చేసుకున్నాడు. ఆ పెళ్లి రద్దు గొడవలోనే ఇంగ్లండ్ రోమ్ పోప్‌తో తెగతెంపులు చేసుకుంది. 1689లో కౌన్సిల్ రద్దయింది. కోట పాడుబడింది. అయినా చుట్టుపక్కల జమీందార్లు చలికాలం విందులకూ డాన్సులకూ ఊళ్లో ఇళ్లు కట్టుకోవడంతో బ్రాడ్ స్ట్రీట్ నిలబడింది. అక్కడి ఇటుక ముఖాల వెనక చాలాచోట్ల పాత చెక్క ఇళ్లే ఉన్నాయి. పెంకుటింటికి ముందువైపు మాత్రం డాబా ముఖం తగిలించినట్టు.

స్టామ్‌ఫర్డ్ వేరే జాతి. లడ్లో చెక్కా ఇటుకా అయితే ఇది నిలువెల్లా సున్నపురాయి. చుట్టుపక్కల బార్నాక్, కెటన్ క్వారీల రాయి ప్రసిద్ధం. సాయంకాలం ఎండ పడితే ఊరంతా తేనెరంగుకు తిరుగుతుంది. ఫొటోల విషయంలో లడ్లో దీని ముందు నిలవదు, ఒప్పుకోవాల్సిందే. ఇంగ్లండ్‌లో మొట్టమొదటి కన్జర్వేషన్ ఏరియాగా, అంటే పాత రూపు చెడకుండా చట్టం కాపాడే ప్రాంతంగా, 1967లో ప్రకటించింది ఈ ఊరినే.

దీని కథ మాత్రం కొంచెం జాలి గొలుపుతుంది. సముద్రం దాటి వచ్చిన వైకింగుల పాలనలో ఈ ప్రాంతంలో ఐదు ముఖ్య పట్టణాలుండేవి: డార్బీ, లెస్టర్, లింకన్, నాటింగ్‌హామ్, స్టామ్‌ఫర్డ్. మొదటి నాలుగూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఇదొక్కటే కాలేదు. 1333లో ఆక్స్‌ఫర్డ్ మీద అలిగిన విద్యార్థులు కొందరు వచ్చి ఇక్కడ సొంత యూనివర్సిటీ మొదలెట్టారు. రాజు మూడో ఎడ్వర్డ్ 1335కల్లా వాళ్లను వెనక్కి తోలేశాడు. ఆక్స్‌ఫర్డ్ పగ ఎలాంటిదంటే, స్టామ్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పబోమని 1827 దాకా తన డిగ్రీవాళ్లతో ప్రమాణం చేయించింది. ఊరికి మిగిలిన దిక్కు లండన్ నుంచి యార్క్ మీదుగా ఎడిన్‌బరో పోయే గ్రేట్ నార్త్ రోడ్డు. గుర్రపు బండ్ల కాలంలో దాని మీదే బతికింది. జార్జ్ హోటల్ బోర్డు రోడ్డుకు అడ్డంగా ఉరికొయ్యలా ఇప్పటికీ ఉంది. లోపల ఎటు వెళ్లేవాళ్లు అటు కూర్చోవడానికి లండన్ గది ఒకటి, యార్క్ గది ఒకటి. 1852లో ఉత్తరానికి వెళ్లే రైలు మెయిన్ లైను పీటర్‌బరో నుంచి వేరే దారిన పోయింది. స్టామ్‌ఫర్డ్‌కు బ్రాంచి రైలే గతి. ఫ్యాక్టరీలు పెద్దగా రాలేదు, కూలగొట్టి కట్టే డబ్బూ రాలేదు. మనం ఫొటో తీసుకునే అందం అదే.

చెప్పుకోవాల్సిన విడ్డూరాలు కూడా ఇక్కడే ఎక్కువ. ఏటా నవంబరు 13న దుకాణాల తలుపులు బిగించి వీధుల్లోకి ఎద్దును వదిలి, తరిమి తరిమి వంతెన మీంచి నదిలోకి తోసేవాళ్లు. జంతుప్రేమికుల ఆందోళనతో పోలీసులూ సైనికులూ దిగారు. బందోబస్తు ఖర్చు ఊరి నెత్తిన పడేసరికి 1839తో ఆట కట్టిపెట్టారు. 1809లో ఇక్కడికి వచ్చి చనిపోయిన డేనియల్ లాంబర్ట్ బరువు 335 కిలోలు. శవపేటికకు చక్రాలు బిగించారు, గది గోడ పగలగొట్టి బయటికి తెచ్చారు. సమాధి సెయింట్ మార్టిన్ చర్చి దగ్గరుంది. అదే చర్చిలో మొదటి ఎలిజబెత్ రాణి మంత్రి విలియం సెసిల్ సమాధీ ఉంది. ఆయన 1555 నుంచి 1587 దాకా కట్టించిన బర్లీ హౌస్ ఊరవతలే. దానికే సగం రోజు కావాలి.

సంత మాటకొస్తే స్టామ్‌ఫర్డ్‌ది శుక్రవారం, మంచి సంతే. కానీ ఊరికి సంత ప్రాణం అనిపించదు. షీప్ మార్కెట్ అనే చోట ఇప్పుడు బస్సులు ఆగుతాయి.

ప్రయాణం దగ్గర మాత్రం లడ్లో చిత్తుగా ఓడిపోతుంది. లండన్ నుంచి స్టామ్‌ఫర్డ్‌కు పీటర్‌బరోలో రైలు మారితే సుమారు గంటన్నర. లెస్టర్, బర్మింగ్‌హామ్‌లలో ఉన్న మనవాళ్లకైతే నేరుగా రైలుంది. లడ్లోకు లండన్ నుంచి మూడు గంటలు దాటుతుంది, దారిలో మారాలి, దిగాక ఎత్తు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు బ్రాడ్ స్ట్రీట్ దిగడం సరదా, ఎక్కడం శిక్ష.

మధ్యలో మెల్టన్ మోబ్రే సంగతేంటని అడిగేవాళ్లుంటారు. లెస్టర్ నుంచి స్టామ్‌ఫర్డ్ వెళ్లే లైన్లోనే ఉంది. మంగళవారం పశువుల సంత చూడాలంటే దిగండి. ఊరి పేరు మోసింది పోర్క్ పైల వల్ల కాబట్టి శాకాహారులకు స్టిల్టన్ చీజ్ ఒక్కటే మిగులుతుంది, అదీ పాలు గడ్డకట్టించే రెన్నెట్ పశువుల పొట్ట నుంచి తీసిందా కాదా అని అడిగి. ఊరిగా పై రెండింటి పక్కన పెట్టలేను.

పోయినసారి బాబాయినీ పిన్నినీ స్టామ్‌ఫర్డే తీసుకెళ్లాను. పిన్నికి రాతి ఇళ్లు నచ్చాయి, బాబాయికి లాంబర్ట్ కథ నచ్చింది, సాయంత్రానికి ఇల్లు చేరాం. వయసున్నవాళ్లు, రాత్రి బస చేయగలిగినవాళ్లు అడిగితే నా ఓటు లడ్లోకే. వెళ్లేది సంత ఉన్న రోజే అయ్యేలా చూసుకోండి. సోమవారం పొద్దున్నే వెళ్తే జనం తక్కువ.