పాటలోని కూత ఆగింది, మ్యాపు దారికి వచ్చింది

రాణిగంజ్‌లోని ఈ చిన్న కారు స్టీరియో దుకాణంలో పనితనం నిజంగా మెచ్చుకోదగినది. ఇంజిన్ వేగంతో పాటు స్పీకర్లలో పెరిగే సన్నని కూత, ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి వస్తున్నదని గ్రహించిన మెకానిక్, ఎర్త్ వైరు బిగించిన చోట రంగును ఉప్పుకాగితంతో గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు బిగించగానే పాట తేటగా వినిపించింది. జీపీఎస్‌కు కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలు అందాలి. యాంటెన్నా డాష్‌బోర్డులోని ఇనుప పట్టీ కింద ఉండటం వల్ల మ్యాపులో మన కారు పక్క వీధిలో కనిపించేది. దానిని ముందు అద్దం కిందికి, ఆకాశం కనబడే చోటికి మార్చారు. స్టీరియో జ్ఞాపకాన్ని నిలిపే పసుపు వైరుకు ఎల్లవేళలా 12 వోల్టులు అందేలా చేయడంతో, కారు తాళంచెవి తీసినప్పుడల్లా సెట్టింగులు చెరిగిపోవడమూ ఆగింది. అయితే వైర్లకు గుడ్డ టేపు చుట్టకపోవడం నాకు నచ్చలేదు. గతుకుల రోడ్డు మీద అవి లోపల టకటకలాడుతున్నాయి.